మందుకి ప్రకటన లేదు, జబ్బుకి ఉంది

మాది నెల్లూరు పొగతోటలో మందుల షాపు. మా ఊరు తెలియని వాళ్ళకి చెప్పాలంటే, పొగతోట అంటే ఆస్పత్రుల పేట. ఏ సందులోకి తిరిగినా ఒక నర్సింగ్ హోమ్, దాని కింద ఒక ల్యాబ్, పక్కనే ఒక మెడికల్ షాపు. కావలి, ఆత్మకూరు, ఉదయగిరి వైపు నుంచీ, అటు కనిగిరి, పామూరు నుంచీ తొలి బస్సు పట్టుకుని జనం ఇక్కడికి వస్తారు. నేను బి.ఫార్మసీ చదివాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ కౌంటరు వెనకే ఉన్నాను. నాకు తెలిసిన లోకమంతా కౌంటరు అవతల నిలబడి మాట్లాడిన మనుషులే.

ఆ మాటలు ఈమధ్య మారాయి. ఇదివరకు ఎవరొచ్చినా బాధ చెప్పేవాళ్ళు. "రెండ్రోజులుగా ఛాతీలో మంటగా ఉందక్కా", "రాత్రిళ్ళు కునుకు పట్టడం లేదమ్మా", "పిల్లోడు అన్నం ముట్టడం లేదు". ఏం తిన్నారు, ఎప్పటి నుంచి, జ్వరం ఉందా అని నాలుగు మాటలు అడిగితే సంగతి తెలిసేది. చాలాసార్లు మందు అక్కర్లేదనీ తెలిసేది. ఇప్పుడు కుర్రకారు వచ్చి నేరుగా జబ్బు పేరే చెబుతున్నారు. "మేడం, నాకు సోషల్ యాంగ్జైటీ ఉంది, మాత్ర ఏదైనా ఇవ్వండి." నలుగురిలో మెలగాలంటే పట్టే తీవ్రమైన భయానికి ఆ పేరు. ఎవరు చెప్పారంటే ఫోన్ చూపిస్తారు. నీకు ఏమవుతోంది నాయనా అని అడిగితే మాత్రం చెప్పలేకపోతున్నారు. మళ్ళీ ఫోన్లోకే చూసి అక్కడ రాసున్న లక్షణాలు చదువుతారు.

ఈ మార్పు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు కొంత అర్థమైంది మాత్రం అమెరికాలో. మా అమ్మాయి టెక్సాస్‌లో ఉంటుంది. పురిటికి సాయంగా వెళ్ళినప్పుడు, బిడ్డని ఒళ్ళో వేసుకుని సాయంత్రం పూట టీవీ ముందు కూర్చునేదాన్ని. వార్తల మధ్యలో వచ్చే ప్రకటనల్లో సబ్బులూ కార్లూ తక్కువ, మందులు ఎక్కువ. జలుబు మాత్ర, నొప్పి మలాము లాంటివి అయితే నేను పట్టించుకునేదాన్ని కాదు. డాక్టరు చీటీ లేనిదే మా షాపులో తీసి ఇవ్వకూడని మందులవి. ఒక ప్రకటన ఇప్పటికీ కళ్ళముందు కదులుతుంది. ఒక పెద్దాయన చెరువు గట్టున మనవడితో గాలం వేస్తుంటాడు. పక్కన కుక్క, పైన నీలాకాశం, సన్నగా సంగీతం. వెనక నుంచి ఒక మెత్తని గొంతు, లివర్ దెబ్బతినవచ్చు, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చు, ఊపిరి ఆడకపోతే వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి అని గబగబా చదువుకుపోతుంటుంది. ఆ మాట చెబుతున్నప్పుడే మనవడికి చేప పడుతుంది, ఇద్దరూ నవ్వుతారు. చివర్లో "ఈ మందు మీకు సరిపోతుందేమో మీ డాక్టర్ని అడగండి".

"ఇదేంది, ఇది హెచ్ షెడ్యూల్ మందు గదా, టీవీలో ఎట్టా చూపిస్తున్నారు?" అని మా అమ్మాయిని అడిగాను. "ఇక్కడ మామూలేనమ్మా" అంది. నిజంగానే అక్కడ మామూలు. చీటీ మందుల్ని పేరు పెట్టి నేరుగా జనానికి ప్రకటించుకోనిచ్చే దేశాలు అమెరికా, న్యూజిలాండ్, అంతే. అమెరికాలోనూ మొదటి నుంచీ ఇంత లేదు. 1980ల మొదట్లో పత్రికల్లో ఒకటీ అరా మొదలైంది. టీవీలో వేయాలంటే దుష్ప్రభావాలన్నీ పూర్తిగా చెప్పాలన్న నిబంధన అడ్డంగా ఉండేది. 1997లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. దాన్ని సడలించింది. ముఖ్యమైన ప్రమాదాలు నోటితో చెప్పి, మిగతా వివరాలు ఎక్కడ దొరుకుతాయో చూపిస్తే చాలంది. గాలం వేసే పెద్దాయన అక్కణ్ణుంచే ఇళ్ళలోకి వచ్చాడు.

అక్కడున్నప్పుడు ఈ విషయం మీద దొరికినంత చదివాను. వచ్చాక కూడా చదువుతూనే ఉన్నాను. అందులో నన్ను నిద్రపోనివ్వని సంగతి ఒకటుంది.

పారాక్సెటిన్ అనే మందు మా దగ్గరా ఉంటుంది. డిప్రెషన్‌కి, పానిక్‌కి సైకియాట్రిస్టులు రాస్తారు. అమెరికాలో దాని బ్రాండ్ పేరు పాక్సిల్. 1990ల చివరికి డిప్రెషన్ మందుల బజారు పోటీతో నిండిపోయింది. ప్రోజాక్ అనే పేరుమోసిన డిప్రెషన్ మందు వచ్చి పదేళ్ళు దాటింది. పాక్సిల్ కంపెనీకి వేరే దారి కావాలి. 1999లో సోషల్ యాంగ్జైటీ డిజార్డర్‌కి వాడుకోవడానికి పాక్సిల్‌కి అనుమతి వచ్చింది. ఆ జబ్బు 1980 నుంచే సైకియాట్రీ పుస్తకాల్లో ఉంది, కానీ అరుదైనదిగా లెక్క. మామూలు జనం ఆ పేరు విని ఉండరు. ఆ రోజుల్లోనే అమెరికా ఊళ్ళలో బస్సు షెల్టర్ల మీద పోస్టర్లు వెలిశాయి. కాఫీ కప్పు ముందు దిగులుగా ఒంటరిగా కూర్చున్న కుర్రాడి బొమ్మ. మనుషులంటే ఎలర్జీ ఉన్నట్టు ఊహించుకోండి అని ఒక వాక్యం. ముఖం ఎర్రబడటం, చెమటలు, వణుకు అని కింద లక్షణాలు. ఆ పోస్టర్ల మీద మందు పేరు లేదు. కంపెనీ పేరు లేదు. డాక్టర్ల సంఘం, రోగుల సంఘాలు కలిసిన ఒక కూటమి పేరు ఉంది. వెనక ఉండి నడిపించింది మాత్రం మందుల కంపెనీ పెట్టుకున్న ప్రచార సంస్థ. ఎవరికీ తెలియని మార్కెట్‌ని వెతికి పట్టుకుని పెంచడం ప్రతి వ్యాపారీ కనే కల, సోషల్ యాంగ్జైటీతో మేం చేయగలిగింది అదే అని ఆ మందు అమ్మకాలు చూసిన అధికారి ఒకాయన వ్యాపార ప్రకటనల పత్రికకి బహిరంగంగానే చెప్పాడు.

పోస్టర్లో మందు పేరు లేకపోవడం దగ్గరే నేను ఆగిపోయాను. అంటే ముందు అమ్మింది మాత్రని కాదు. బస్సు కోసం నిలబడిన మనిషి తన గురించి తాను అనుకునే మాటని ముందు మార్చారు. నేను మొహమాటస్తుణ్ణి అనుకునేవాడు నేను రోగిని అనుకుని ఇంటికి వెళ్తాడు. ఆ పని అయిపోయాక మందు అమ్మడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు, మాత్ర కావాలని వాడే అడుగుతాడు.

అడిగితే ఏమవుతుందో కూడా చూశారు. 2005లో అమెరికాలో కొందరు పరిశోధకులు, నటుల్ని రోగులుగా తయారుచేసి డాక్టర్ల దగ్గరికి పంపారు. కొందరు నిజమైన డిప్రెషన్ లక్షణాలు చెప్పారు. ఇంకొందరు ఉద్యోగం పోయిందనో మరేదో కారణంతో వచ్చిన దిగులు చెప్పారు, అంటే కొన్నాళ్ళకి తనంతట తగ్గేది. ఈ రెండో రకం వాళ్ళలో మందు ఊసే ఎత్తని వాళ్ళకి డిప్రెషన్ మాత్ర రాసింది 10 శాతం సార్లే. టీవీలో చూశాను, పాక్సిల్ నాకు పనిచేస్తుందా అని పేరుతో అడిగిన వాళ్ళకి 55 శాతం సార్లు రాశారు. అదే దిగులు, అవే మాటలు, మందు పేరు ఒక్కటే తేడా. అదే అధ్యయనంలో ఇంకో సంగతి కూడా తేలింది, దాన్ని దాచడం న్యాయం కాదు. నిజంగా డిప్రెషన్ లక్షణాలు చెప్పిన వాళ్ళలో కూడా, అడిగినవాళ్ళకే వైద్యం ఎక్కువగా అందింది. అడగడం తప్పని నేను అనను. ఏది అడగాలో మనకి నేర్పుతున్నది ఎవరు అన్నదే నా బాధ.

మందుల షాపు మనిషిని కాబట్టి నాకు స్ట్రిప్పులూ కాప్స్యూళ్ళూ ముందు కనిపిస్తాయి. ప్రోజాక్‌లో ఉండేది ఫ్లూక్సెటిన్. దాని పేటెంట్ గడువు దగ్గర పడుతున్న 2000 సంవత్సరంలో అదే ఫ్లూక్సెటిన్‌ని గులాబీ, లావెండర్ రంగుల కాప్స్యూల్లో పెట్టి, సారాఫెమ్ అని పేరు మార్చి, నెలసరి ముందు ఆడవాళ్ళకి వచ్చే తీవ్రమైన మానసిక ఇబ్బందికి మందుగా బజారుకి తెచ్చారు. టీవీ ప్రకటనలో ఒకావిడ సూపర్ మార్కెట్లో సామాన్ల బండి ఇరుక్కుపోతే విసుక్కుంటూ లాగుతుంటుంది. అంతే. బండి రాకపోతే ఎవరికైనా చిరాకే. మామూలు చిరాకుకీ, ఆ తీవ్రమైన జబ్బుకీ తేడా చెరిపేస్తోందని ఎఫ్.డి.ఏ. తప్పుపట్టి ఆ ప్రకటన తీయించింది.

గ్లాకోమా, అంటే నీటికాసుల కంటి జబ్బు ఉన్నవాళ్ళకి నేను బిమాటోప్రోస్ట్ కంటి చుక్కలు ఇస్తుంటాను. కొన్నాళ్ళు వాడితే కనురెప్పల వెంట్రుకలు పొడుగ్గా, ఒత్తుగా పెరుగుతాయి. అది ఆ మందు దుష్ప్రభావం. చీటీతో వచ్చిన ముసలమ్మలకి, "రెప్పలు గుబురుగా వస్తాయవ్వా, భయపడొద్దు" అని చెప్పి పంపేదాన్ని. 2008 చివర్లో అమెరికాలో ఆ దుష్ప్రభావాన్నే మందుగా మార్చి లాటిస్ అని అనుమతి తెచ్చుకున్నారు. దానికి జబ్బు ఉండాలి కదా, రెప్పల వెంట్రుకలు పల్చగా ఉండటమే జబ్బు. దానికి హైపోట్రైకోసిస్ అని పెద్ద పేరు. పల్చటి రెప్పలతో పుట్టి పెరిగిన ఆడపిల్ల అద్దంలో చూసుకుని ఆ పేరు తగిలించుకుంటే, ఆ చుక్కలతో నల్ల గుడ్డు చుట్టూ ఉండే రంగు శాశ్వతంగా ముదిరే అవకాశం ఉందన్న సంగతి చిన్న అక్షరాల్లో ఉండిపోతుంది.

మగవాళ్ళనీ వదల్లేదు. వయసు మీద పడుతున్న మగవాళ్ళలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను తగ్గుతుంది. అది వయసు లక్షణం. దానికి "లో టి" అని ముద్దు పేరు పెట్టి ఏళ్ళ తరబడి ప్రచారం చేశారు. ఆ ప్రచారంలో వాడిన ప్రశ్నావళిలో ఒకటి, రాత్రి భోజనం అయ్యాక నిద్ర ముంచుకొస్తోందా అని. చిరాకుగా, దిగులుగా ఉంటోందా అని ఇంకొకటి. పొద్దస్తమానం పొలంలో ఉండి వచ్చి, కడుపు నిండా తిని, నవారు మంచం మీద ఒరిగిన మా మామగారికి ఆ ప్రశ్నలు వేస్తే ఆయనా రోగే. ఆ హార్మోను మందులు ఫలానా జబ్బుల వల్ల తగ్గినవాళ్ళకే గానీ వయసు వల్ల తగ్గినవాళ్ళకి కాదని మందు లేబుల్ మీద స్పష్టంగా రాయమని 2015లో ఎఫ్.డి.ఏ. ఆదేశించింది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరిగే అవకాశం గురించి కూడా రాయమంది. అప్పటికే ఎంతమంది ఆ హార్మోను జెల్ భుజాలకి రుద్దుకున్నారో.

ఇక మన సంగతి. మన దేశంలో చట్టం గట్టిదే. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం 54 జబ్బుల పేర్లు చెప్పి, వాటిని నయం చేస్తామని ఎవరూ ప్రకటించకూడదంది. డ్రగ్స్ రూల్స్‌లో జె షెడ్యూలు ఉంది. పిల్లల ఎత్తు పెంచుతామనీ, జ్ఞాపకశక్తి పెంచుతామనీ, బట్టతల మీద జుట్టు మొలిపిస్తామనీ, నత్తి పోగొడతామనీ ఏ మందూ చెప్పుకోకూడదని అందులో ఉంది. డాక్టరు చీటీ మీదే ఇవ్వాల్సిన హెచ్, హెచ్1, ఎక్స్ షెడ్యూళ్ళ మందులకి కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రకటన ఇవ్వకూడదు. అందుకే మన టీవీలో గాలం వేసే పెద్దాయన రాడు.

కానీ నెల్లూరు నుంచి ఒంగోలు దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెళ్ళండి. గోడల మీద, హోర్డింగుల మీద, బస్టాండు స్తంభాల మీద ఏమున్నాయో చదవండి. మీ పాప వయసుకి తగ్గ ఎత్తు లేదా? మీ అబ్బాయి చదివింది మర్చిపోతున్నాడా? ముప్ఫై దాటకుండానే తెల్లవెంట్రుకలా? నలుగురిలో మాట్లాడాలంటే భయమా? కింద ఒక ఫోన్ నంబరు. మధ్యాహ్నం టీవీ పెడితే తెల్లకోటు వేసుకున్న ఒకాయన అరగంట సేపు ఇవే ప్రశ్నలు వేస్తాడు. అది డబ్బు కట్టి కొనుక్కున్న సమయమని ఇంట్లో ఆడవాళ్ళకి తెలియదు, డాక్టరు గారి కార్యక్రమం అనే అనుకుంటారు. అక్కడ మందు పేరు ఉండదు. ఉండేది ప్రశ్న ఒక్కటే. ఆ బస్సు షెల్టరు పోస్టరు చేసిన పనే ఇవీ చేస్తున్నాయి. మన చట్టం మందు పేరు దగ్గర కాపలా కాస్తోంది. జబ్బు పేరు పక్క సందులోంచి దర్జాగా వస్తోంది.

ఒంటి రంగు సంగతి చెప్పాలంటే నాకు కోపం ఆగదు. కోస్తా ఎండలో పుట్టి పెరిగిన పిల్లలు చామనఛాయగా ఉంటారు, ఇంకొంచెం నలుపూ ఉంటారు. అది రంగు. దాన్ని కొన్ని దశాబ్దాల పాటు లోపమని చూపించి క్రీములు అమ్మారు. ఆ క్రీముల్లో పేరుమోసినది 2020లో పేరులోంచి తెలుపుని తీసేసుకుంది. ఈలోపు జనం ఇంకా ఘాటైన వాటికి అలవాటు పడ్డారు. బెటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ ట్యూబులు. ఎగ్జిమా, సోరియాసిస్ లాంటి చర్మ జబ్బులకి డాక్టరు చెప్పినన్నాళ్ళు రాయాల్సినవి. మొదటి వారంలో ముఖం తెల్లబడి నున్నగా అవుతుంది, అక్కడే మోసపోతారు. తర్వాత చర్మం పల్చబడి, బుగ్గల మీద ఎర్రటి నరాలు తేలి, మొటిమలు విరగబడి, ఆపితే మంట పుడుతుంది. మళ్ళీ అదే రాస్తారు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూత మందుల్ని హెచ్ షెడ్యూల్లో పెట్టి చీటీ ఉండాలంది. ఆ తర్వాత కూడా పెళ్ళి చూపులు దగ్గర పడుతున్నాయంటూ ఖాళీ ట్యూబు చేత్తో పట్టుకుని వచ్చే తల్లులున్నారు. ఎండలో నిలబడలేక చున్నీతో బుగ్గలు కప్పుకుని వెనక నిలబడే పిల్లలున్నారు. ఇవ్వనంటే రెండు షాపులు దాటి తెచ్చుకుంటారని నాకు తెలుసు. అయినా ఇవ్వను.

ఈ సంక్రాంతి సెలవుల్లో బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల ఇంటర్ చదువుతోంది, కాలేజీ హాస్టల్లో ఉంటుంది. తల్లి ఫోన్ తీసి నా ముందు పెట్టింది. పది ప్రశ్నలకి టిక్కులు పెట్టిన పేజీ. కొత్తవాళ్ళతో తానుగా మాట్లాడదు, అవును. ఫంక్షన్లలో ఒక మూల కూర్చుంటుంది, అవును. ఫోన్ ఎత్తడానికి వెనకాడుతుంది, అవును. టిక్కులన్నీ తల్లే పెట్టింది. కింద ఎర్ర అక్షరాల్లో రిస్కు ఎక్కువగా ఉందని ఫలితం, దాని కింద ఆన్‌లైన్ కన్సల్టేషన్ ప్యాకేజీ రేటు. అంత డబ్బు పెట్టలేక, ఎవరో కామెంట్లలో రాసిన మాత్ర పేరు కాగితం మీద రాసుకుని వచ్చింది. ఎస్సిటాలోప్రామ్, 10 ఎం.జి. అదీ పాక్సిల్ లాంటి డిప్రెషన్ మందే.

"ఇది ఇస్తే పిల్ల నలుగురిలో కలుస్తుందంట గదా మేడం?"

పిల్ల పక్కకి తిరిగి మా అద్దాల బీరువాలో ఉన్న గ్లూకోజ్ డబ్బాల మీద రాతలు చదువుతోంది. నిద్ర ఎట్టా పడుతుంది, అన్నం తింటోందా, మార్కులు ఎట్టా ఉన్నాయి అని తల్లిని అడిగాను. అన్నీ బాగానే ఉన్నాయంది. పిల్లని దగ్గరికి పిలిచి, "నీకు ఏమన్నా ఇబ్బందిగా ఉందా పాపా?" అన్నాను.

"లేదాంటీ. నాకు ఇద్దరు ఫ్రెండ్స్ ఉన్నారు. వాళ్ళతో బాగానే మాట్లాడతాను."

"చూశారా, అన్నిటికీ అట్నే రెండు ముక్కలు చెబుతుంది. వాళ్ళ నాయన కూడా ఇంతే, గమ్మునుంటాడు" అంది తల్లి.

ఆ నాయన ఏం చేస్తాడని అడిగాను. వ్యవసాయమంట. మొలగొలుకుల వరి వేసేవాడంట ఇదివరకు. ఊళ్ళో కౌలు తగాదాలు వస్తే రెండు పక్షాల వాళ్ళూ ఆయన్నే కూర్చోబెట్టుకుంటారంట, ఒక మాట అటు నుంచి ఇటు మొయ్యడని. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో గర్వం ఉంది. మొగుడిలో ఊరంతా మెచ్చిన గుణం, కూతురి దగ్గరికి వచ్చేసరికి పది ప్రశ్నల పేజీలో ఎర్ర అక్షరాలైంది. ఆ సంగతే ఆవిడతో నెమ్మదిగా చెప్పాను. మాత్ర ఇవ్వలేదు. అది మొదలుపెడితే కొన్నాళ్ళు ఆగకుండా వాడాలనీ, ఒక్కసారిగా ఆపితే తల తిరుగుడూ చిరాకూ వస్తాయనీ, ఈ రకం మందులకి ఇరవై నాలుగేళ్ళ వరకూ ఉన్నవాళ్ళలో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికాలో మందు వివరాల పత్రంలో నల్లగీత గళ్ళో హెచ్చరిక వేయించారనీ చెప్పాను. ఆవిడ కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది. నా మాట ఎంతవరకు చెవికెక్కిందో చెప్పలేను.

ఆ హెచ్చరిక తేలిగ్గా తీసుకునేది కాదు. పాక్సిల్‌ని పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి వాడటానికి అనుమతి లేకపోయినా అలా వాడమని ప్రచారం చేసినందుకు, ఇంకా వేరే మందుల విషయంలో చేసిన తప్పులకు కలిపి, 2012లో గ్లాక్సో స్మిత్‌క్లైన్ కంపెనీ అమెరికా ప్రభుత్వం ముందు నేరం ఒప్పుకుని 300 కోట్ల డాలర్లు కట్టడానికి అంగీకరించింది.

ఇదంతా చదివి మానసిక జబ్బులే లేవని ఎవరైనా అనుకుంటే నేను రాసిందంతా దండగ. పొదలకూరు వైపు కుర్రాడొకడు మాకు తెలుసు. పరీక్ష హాల్లో కూర్చోలేక బయటికి పరిగెత్తుకొచ్చేవాడు. గుండె దడ, చొక్కా తడిసిపోయేంత చెమట. చివరికి కాలేజీ మానేశాడు, ఇంట్లోంచి బయటికే రావడం మానేశాడు. గాలి సోకిందని అంత్రం కట్టించారు. ఏడాది పోయాక సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళారు. మందులూ, మాటలతో చేసే వైద్యమూ రెండూ జరిగాయి. ఇప్పుడు ఆత్మకూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ మందులు నా చేత్తోనే ఇచ్చాను, అవి లేకపోతే వాడు ఏమయ్యేవాడో. ఎవరి బతుకు ఆగిపోయిందో, ఎవరు లోపల నలిగిపోతున్నారో వాళ్ళు తప్పకుండా వెళ్ళాలి. డబ్బు లేకపోతే 14416కి ఫోన్ చేయొచ్చు. టెలి మానస్ అని ప్రభుత్వమే 2022లో పెట్టింది, తెలుగులో మాట్లాడతారు, పైసా అక్కర్లేదు. మొహమాటాన్ని జబ్బు చేస్తే నష్టపోయేవాళ్ళలో ఇలాంటి పిల్లలు ముందుంటారు. అందరికీ అదే పేరు తగిలిస్తే, నిజంగా అవస్థ పడేవాణ్ణి చూసి కూడా "ఆ, ఈ కాలప్పిల్లలకి ఇదొక ఫ్యాషన్" అనేస్తారు.

మా అమ్మ పుట్టిల్లు కనిగిరి దగ్గర. ఆ పల్లెలో నా చిన్నప్పుడు చూసిన ముసలివాళ్ళలో చాలామంది నడుం వంగిపోయి, మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పి చూసేవాళ్ళు. మా తాత గోచీ పెట్టుకోవడానికి కూడా ఇంకొకరి సాయం కావాల్సి వచ్చేది. పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు. నీళ్ళలో ఫ్లోరైడ్. మన దేశంలో ఫ్లోరోసిస్ సంగతి మొట్టమొదట వైద్య పత్రికకెక్కింది 1937లో, నెల్లూరు జిల్లా నుంచే. అప్పటికి కనిగిరి, పొదిలి మన నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, ప్రకాశం జిల్లా 1970లో గానీ పుట్టలేదు. దుక్కిటెద్దులు కాళ్ళు ఈడ్చడం చూసి అంతకుముందే రైతులు ఏదో తేడా ఉందని పసిగట్టారు. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని అందరికీ తెలుసు. తొంభై ఏళ్ళు కావస్తోంది, ఇంకా ఆ వైపు మంచినీళ్ళ క్యాన్లు కొనుక్కునే తాగుతున్నారు.

ఆ జబ్బుకి నేనెన్నడూ ఒక హోర్డింగు చూడలేదు. మీ వెన్ను వంగుతోందా, మీ బోరు నీళ్ళు పరీక్ష చేయించారా అని ఏ టీవీలోనూ అడగరు. దానికి మాత్ర లేదు, కావాల్సింది మంచినీళ్ళు. మంచినీళ్ళ పైపు మీద ఏ కంపెనీకీ లాభం లేదు. ఆ వైపు నుంచి వచ్చే కుర్రాళ్ళు మాత్రం మా షాపులో పళ్ళు తెల్లబరిచే జెల్ అడుగుతారు. మిలమిలలాడే నవ్వు అని దానికి ప్రకటన ఉంది. నీళ్ళ వల్ల వచ్చిన అసలు జబ్బుని అందం లోపమని చెప్పి ట్యూబు అమ్ముతున్నారు, ఎత్తూ రంగూ మాటతీరూ లాంటి అసలు గుణాలని జబ్బులని చెప్పి ఇంకో ట్యూబు అమ్ముతున్నారు. ఆ కుర్రాళ్ళకి నేను జెల్ ఇచ్చేముందు ఏ ఊరని అడుగుతాను. ఊరి పేరు వినగానే, ఇంట్లో చిన్నపిల్లలు ఏ నీళ్ళు తాగుతున్నారని అడుగుతాను.

ఈమధ్య కంపెనీల వాళ్ళు మందుల షాపులకి కూడా పోస్టర్లు తెస్తున్నారు. అవగాహన పోస్టర్లు అంటారు. చూడటానికి బాగుంటాయి, తెలుగులో ఉంటాయి, మందు పేరు ఉండదు. పోయిన వారం ఒక రెప్ అలాంటిదే తెచ్చాడు. పాతికేళ్ళ కుర్రాడు, టార్గెట్ల టెన్షన్లో ఉన్నాడు, వాడి మీద నాకు కోపం లేదు. తిన్న తర్వాత అలసటగా ఉంటోందా, ఉదయం లేవబుద్ధి కావడం లేదా అని పైన రాసుంది. చివరిదాకా చదివి, ఇది ఎవరి డబ్బుతో వేశారని అడిగాను. "మా కంపెనీయే మేడం, కానీ అవేర్‌నెస్ కాబట్టి పేరు వెయ్యరు" అన్నాడు. వేసినవాళ్ళ పేరు, వాళ్ళు ఆ జబ్బుకి ఏ మందు అమ్ముతున్నారో ఆ పేరు, రెండూ పైన ప్రశ్న ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో అంత పెద్ద అక్షరాల్లో వేసి తెమ్మన్నాను. ఒక్క మా షాపు గోడకే కాదు, ట్రంకు రోడ్డు మీద ప్రతి హోర్డింగుకీ ఆ నిబంధన పెట్టమని ఔషధ నియంత్రణ శాఖకి ఉత్తరం రాశాను. తమ ఊళ్ళో ఇలాంటి హోర్డింగు కనిపించిన వాళ్ళు ఫోటో తీసి, చోటూ తేదీ రాసి నాకు పంపితే వాటినీ ఆ ఉత్తరానికి జతచేసి మళ్ళీ పంపుతాను.